మాస్టారూ, దక్షిణపు గోడా

మాస్టారు పోయారన్న మాట నాకు వాట్సాప్‌లో తెలిసింది. పొద్దున్నే ఆఫీస్‌కి బయల్దేరుతూ, నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో మా ఇంటి గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి, అలవాటుగా ఫోన్ చూశాను. మా పాత స్టూడెంట్స్ గ్రూప్‌లో ఎవరో ఆయన ఫొటో పెట్టి, చుట్టూ పూలదండ బొమ్మ అతికించారు. కింద వరసగా దండాలు. నేను నమ్మలేదు. ముందు ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. దండ నీడ ఒక వైపు పడుతోంది, ఆయన ముక్కు నీడ ఇంకో వైపు పడుతోంది. పైగా ఆ గ్రూప్‌లో, బతికున్న సినిమా నటుడికి శ్రద్ధాంజలి ఘటించిన మహానుభావులు ఇద్దరున్నారు. అందుకని చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండే మాస్టారి భార్యకి, మేమంతా ఆంటీ అనే ఆవిడకి, ఫోన్ చేశాను.

"ఆంటీ, సర్ ఎలా ఉన్నారు?" అన్నాను. అంతకంటే ఎలా అడగాలో తెలియలేదు.

 "నిజమేనమ్మా," అంది ఆంటీ. "నిద్రలోనే వెళ్ళిపోయారు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చూసి హార్ట్ అన్నారు. నువ్వు ఫోన్ చేసి కనుక్కుంటావని అనుకుంటూనే ఉన్నా. మిగతావాళ్ళంతా దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు."

కారు ఆపేసి అక్కడే కూర్చున్నాను. మనిషి పోయాడంటే ముందు అనుమానం వచ్చి, ఆ తరవాత ఏడుపు రావడం నాకు అదే మొదటిసారి. ఆ అనుమానం కూడా ఆయన నేర్పిందే.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. చికాగో దగ్గర ఒక యూనివర్సిటీలో, ఆర్కిటెక్చర్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. పాత కట్టడాలను చేత్తో కొలిచి గీయడం ఆయన సబ్జెక్టు. లేజర్లూ డ్రోన్లూ వచ్చాక కూడా జేబులో గుడ్డ టేపు వేసుకుని తిరిగారు. సొంతూరు బాపట్ల దగ్గర. ఆదివారం తెలుగు చర్చ్‌లో ఎప్పుడూ రెండో వరసలో కూర్చునేవారు. మొదటి వరసలో చోటుంది కదా సర్ అని నేనొకసారి అంటే, తల పైకెత్తి స్పీకరు వైపు చూపించారు. "నాలుగు బోల్టులుండాలి. మూడే ఉన్నాయి" అన్నారు.

ఆయనకి అన్నిటి మీదా అనుమానమే. కొత్త ఇల్లు కొన్నవాళ్ళు ఆయన్ని భోజనానికి పిలవడానికి జంకేవాళ్ళు. లోపలికి వచ్చీ రాగానే ఫైర్‌ప్లేస్ పక్కనున్న రాతి గోడని వేలి కణుపుతో టకటకా తట్టి, చెవి ఆనించి, "ఇది రాయి కాదండీ, రాయి తొడుగు. లోపలంతా అట్ట" అనేవారు. ఇంటాయన ముఖం మాడిపోయేది. ఆంటీ వెనకనుంచి కోటు పట్టి లాగుతూ ఉండేది. "పెళ్ళిచూపులకి వచ్చినప్పుడే తెలియాల్సింది నాకు," అని ఆవిడే చెప్పేది. "నన్ను చూడకముందు మా ఇంటి దూలాలు చూశారమ్మా. కాఫీ తాగుతూ మా నాన్నతో, మూల దూలానికి చెద పట్టిందండీ అన్నారు. నిజంగానే పట్టింది. మా నాన్న ఆ దెబ్బకి పడిపోయి నన్నిచ్చేశాడు."

ఆయన చదివిన ప్రతి కాగితం మీదా, మార్జిన్‌లో సన్నటి పెన్సిల్‌తో ప్రశ్నార్థకాలుండేవి. మా అసైన్‌మెంట్లు సరే, కరెంటు బిల్లు మీద కూడా. చివరికి ఆయన బైబిల్‌లోనూ. అది చూసి పాస్టరు గారు నొచ్చుకుంటే, "అడిగితే దేవుడేమీ అనుకోడు లెండి" అన్నారట.

క్లాసులో ఆయన మాట ఒకటి మా అందరికీ అంటుకుంది. ఎవరేం చెప్పినా అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, "చూశావా, అనుకున్నావా?" అనేవారు. అమెరికన్ పిల్లలకి అదే మాట ఇంగ్లీషులో చెప్పేవారు గానీ, మాలాంటి వాళ్ళకి తెలుగులోనే పడేది. ఆ ప్రశ్నకి నేనొకసారి అబద్ధం చెప్పాను. ఆయన బతికుండగా ఒప్పుకోలేకపోయాను. ఇది రాయడానికి సగం కారణం అదే.

ఆ అబద్ధం ఒక గోడ గురించి. షామ్‌బర్గ్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే, నది ఒడ్డున ఒక పార్కులో, పైకప్పు లేని మధ్యయుగాల రాతి కట్టడం ఒకటి ఉంది. ఇల్లినాయ్‌లో మధ్యయుగాల కట్టడం ఏమిటని మీకీపాటికి అనుమానం రావాలి. రాకపోతే మాస్టారు మిమ్మల్ని ముందు బెంచీలోకి పిలిచి ఉండేవారు. ఎప్పుడో తాతల కాలంలో ఒక డబ్బున్నాయన ఫ్రాన్స్‌లో పాడుబడ్డ కట్టడాన్ని కొని, రాయి రాయీ ఊడదీయించి, పెట్టెల్లో పెట్టి ఓడలో తెప్పించాడు. కూతురి పెళ్ళికి తన తోటలో ఒక చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం, ఉండాలని ఆయన ముచ్చట. గోడలు లేచాయి గానీ కప్పు పడకముందే ఆయన పోయాడు. ఆ తోట ఇప్పుడు పార్కు. మనవాళ్ళు ప్రీ వెడ్డింగ్ షూట్‌లకీ సీమంతం ఫొటోలకీ కంచిపట్టు చీరలు కట్టుకుని వస్తుంటారు. గుమ్మం పక్కన బోర్డు మీద 'చాపెల్' అని రాసి ఉండేది.

లోపల పొడవాటి హాలు. ఉత్తరాన ఒక గోడ, దక్షిణాన ఒక గోడ, తూర్పు చివర మూడు మెట్ల వేదిక, పడమటి చివర కమాను గుమ్మం. కిటికీలు చెయ్యెత్తినా అందనంత పైన ఉంటాయి. నేల ఒక పక్కకి వాలుగా ఉండి, ఆ వాలు చివర గోడ వెంబడి సన్నటి రాతి కాలువ. రెండు గోడల్లోనూ వరసగా గూళ్ళు, మన పాత ఇళ్ళలో దీపం పెట్టుకునే గూళ్ళలాంటివి. ఒక్కో గూడు ఒక్కో రాయిని తొలిచి చేసింది. అవి పునీతుల విగ్రహాలు పెట్టుకోవడానికి అని బోర్డు చెప్పేది. మాస్టారికి ఆ బోర్డు మీద మొదటినుంచీ అనుమానం.

నా మాస్టర్స్ థీసిస్‌కి ఆ కట్టడాన్ని కొలిచి గీయమని ఆయనే ఇచ్చారు. జనవరి చివర. రూమ్మేట్ కారు అడుక్కుని నాలుగుసార్లు వెళ్ళాను. నేను ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లని. అప్పటిదాకా చలి అంటే కరీంనగర్ చలే. అక్కడ నది మీదినుంచి వచ్చే గాలికి పెన్సిల్ పట్టుకున్న వేళ్ళు నావో కావో తెలిసేవి కావు. అయినా ఉత్తరపు గోడ లోపలి ముఖం ఎండకి తిరిగి ఉంటుంది కాబట్టి ఎలాగో రాయి రాయీ కొలిచాను. దక్షిణపు గోడ లోపలి ముఖానికి చలికాలం మొత్తం ఎండ తగలదు. దాని కింద మంచు నడుం లోతున గడ్డ కట్టింది. దూరం నుంచి చూశాను. అవే కిటికీలు, అవే గూళ్ళు. సబ్మిట్ చేయడానికి మూడు రోజులుంది.

"మిర్రర్ కొట్టెయ్యవే," అంది మా రూమ్మేట్. వరంగల్ పిల్ల, కంప్యూటర్ సైన్స్. "గా గోడ, గీ గోడ ఒక్కతీరే ఉన్నయ్ అంటున్నవ్ గద. మల్లెందుకు సచ్చుడు?"

మేం గీసే సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ అని ఒక కమాండ్ ఉంటుంది. ఒక బొమ్మ గీస్తే, దాన్ని అద్దంలో చూసినట్టు ఎదురుగా ఇంకో బొమ్మ దానంతటదే వస్తుంది. ఒక్క నొక్కు నొక్కాను. దక్షిణపు గోడ తయారైపోయింది. నీట్‌గా, ఉత్తరపు గోడకంటే బాగా వచ్చిందనిపించింది.

మాస్టారు ఆ షీట్‌ని తన టేబుల్ మీద పరిచి, చాలాసేపు వంగి చూశారు. నేను నిలబడే ఉన్నాను. ఉత్తరపు గోడలో మూడో కిటికీ కిందినుంచి ఏటవాలుగా ఒక పగులుంది. దాన్ని ఎంత శ్రద్ధగా గీశానో నాకే తెలుసు. ఆయన వేలు ఆ పగులు మీద నడిచింది. తరవాత దక్షిణపు గోడకి వెళ్ళింది. అక్కడా మూడో కిటికీ కింద అదే పగులు.

"రెండు గోడలూ ఒకే చోట పగిలాయే," అన్నారు. "చాలా అన్యోన్యంగా ఉన్నట్టున్నాయి."



అద్దాలు నుదుటి మీదికి ఎక్కాయి. "చూశావా, అనుకున్నావా?"

"చూశాను సర్," అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. షీట్‌ని నెమ్మదిగా చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి, చంకలో పెట్టుకున్నారు. "ఇది నా దగ్గర ఉండనీ" అన్నారు. అంతే.

ఎందుకు ఉండనీ? నేను ఇంటికి బస్సులో వెళ్తూ ఆ రెండు ముక్కల్నే నమిలాను. దిద్ది ఇవ్వాలంటే పెన్సిల్ తీసేవారు కదా. ప్రశ్నార్థకం ఒక్కటి కూడా పెట్టలేదు. ప్రశ్నే లేదంటే ఆయనకి అంతా తెలిసిపోయినట్టు. రూమ్మేట్ ఇంకాస్త ఆజ్యం పోసింది. "ఎవిడెన్స్ దాచిపెట్టుకున్నడే. అకడమిక్ ఇంటెగ్రిటీ కింద కేస్ వేస్తే నీ స్టేటస్ పోతది. ఎఫ్-వన్ పాయె, ఓపీటీ పాయె, చదువయినంక కొలువు పాయె. బట్టలు సర్దుకునుడే." మిర్రర్ కొట్టమన్నది కూడా తనేనని గుర్తు చేస్తే, "నేను కోడ్ కాపీ చేస్తే ఎవ్వరికీ ఎరుక కాదు గద" అంది.

ఆ మూడు వారాలూ ఆయన ప్రతి కదలికనీ అనుమానించాను. కారిడార్‌లో డిపార్ట్‌మెంట్ హెడ్‌తో నవ్వుతూ మాట్లాడితే నా గురించే. క్లాసులో నా వైపు చూస్తే బెదిరింపు, చూడకపోతే నిర్ణయం జరిగిపోయినట్టు. ఒకరోజు లిఫ్ట్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు, "చలి బాగా ఉందా అమ్మాయ్ మీ అపార్ట్‌మెంట్‌లో? హీటర్ పనిచేస్తోందా?" అని అడిగారు. దీనికి అర్థం ఏమిటని రాత్రి అన్నం తింటూ రూమ్మేటూ నేనూ చర్చించుకున్నాం. మంచి చేసుకుని మాట కక్కించడానికి అని తేల్చాం.

మార్చిలో కాస్త ఎండ కాసింది. ఆయన రిపోర్ట్ చేసేలోపు దొంగచాటుగా వెళ్ళి దక్షిణపు గోడ కొలుచుకొచ్చి, షీట్ మార్చేస్తే, పాతది పొరపాటున ఇచ్చానని బుకాయించొచ్చని నా ప్లాను. శనివారం పొద్దున్నే రూమ్మేట్ కారు తీసుకుని వెళ్ళాను. పార్కింగ్‌లో ఒకే కారుంది. అది మాస్టారిది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాను. కానీ ఆయన నా మీద సాక్ష్యాలు ఎలా సేకరిస్తున్నారో చూడాలి కదా. కమాను గుమ్మంలోంచి తొంగి చూస్తే, హాలు మధ్యలో, నేల మీద, కోటుతో సహా వెల్లకిలా పడుకుని ఉన్నారు.  పరుగెత్తాను.

"కంగారు పడకు," అన్నారు లేవకుండానే. "నేను బాగానే ఉన్నా. ఇలా రా. నువ్వు కూడా పడుకో."

"సర్?"

"పడుకుని చూడమ్మాయ్. నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది."

ఆయన పక్కన రెండు గజాల దూరంలో, గోనెపట్టా మీద పడుకున్నాను. ఆ పట్టా ముందే పరిచి ఉంది. అది కూడా అనుమానంగానే నోట్ చేసుకున్నాను. పైకి చూస్తే, నిలబడ్డప్పుడు అందనంత ఎత్తులో అనవసరంగా ఉన్నాయనిపించిన కిటికీల్లోంచి సరిగ్గా ఆకాశం కనిపించింది. గాలి మాత్రం మా మీదికి రావడం లేదు, పైనుంచే పోతోంది. తల కొద్దిగా తిప్పితే తూర్పు వేదిక.

"ప్రార్థన చేసేవాళ్ళు నిలబడతారు, మోకరిస్తారు. ఈ కిటికీలు పడుకున్నవాళ్ళకి పెట్టినవి," అన్నారు. "వెలుగు రావాలి, ఈదర గాలి రాకూడదు. నేల కడిగితే నీళ్ళు కాలువలోకి పోవాలి. పడుకున్న చోటినుంచి దేవుడు కనపడాలి. ఎవరమ్మా ఇన్నేసి రోజులు పడుకునేది?"

"పేషెంట్లు," అన్నాను.

"అనుకుంటున్నా. ఇంకా చూడలేదు."

అప్పుడే అటుగా జాగింగ్ చేస్తున్న ఒక అమెరికన్ ఆవిడ గుమ్మంలో ఆగి, నేల మీద పడి ఉన్న ఇద్దరు ఇండియన్స్‌ని చూసి, మీరు బాగానే ఉన్నారా అని అడిగింది. "వీ ఆర్ పేషెంట్స్," అన్నారు మాస్టారు చాలా మర్యాదగా. ఆవిడ ఫోన్ తీసుకుంటూ వెనక్కి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో పార్కు గార్డు బండేసుకుని వచ్చాడు. ఆయన్ని చూసి, "మళ్ళీ మీరేనా" అన్నట్టు నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏమిటి? ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు? నా అనుమానాలకి ఇంకొకటి చేరింది.

లేచి ఆయన బ్యాగ్ తెరిచారు. ఫ్లాస్కూ, రెండు స్టీలు గ్లాసులూ. రెండు. 

"ఎవరైనా వస్తున్నారా సర్?" అన్నాను.

"రావచ్చు," అన్నారు, కాఫీ పోస్తూ.

డిపార్ట్‌మెంట్ హెడ్ అన్నమాట. సాక్ష్యానికి. ఆయన రెండో గ్లాసులో కాఫీ పోసి నాకిచ్చారు. రావాల్సిన మనిషి ఆలస్యమయ్యాడు కాబట్టి నాకు దక్కిందనుకుని, పార్కింగ్ వైపు చూస్తూ తాగాను. చక్కెర సరిగ్గా నేను తాగేటంత ఉంది.

"నేను ఉత్తరపు గోడ చూసుకుంటా," అన్నారు గ్లాసులు సర్దుతూ. "నువ్వు ఆ రెండోది చూడు. నాకు మెడ పట్టేసింది, అటు తిరగలేను."

నాకు వీపు పెట్టి, ఉత్తరపు గోడ వైపు స్టూలు వేసుకుని కూర్చున్నారు. మెడ పట్టేసిన మనిషి కాసేపటికి కమాను మీద ఉడత పోతుంటే దాన్ని చివరిదాకా తల తిప్పి చూశారు. అదీ చూశాను. నన్నేదో పరీక్షిస్తున్నారు, నేను తప్పు చేస్తే పట్టుకుంటారు అనుకుంటూ టేపు తీశాను.

దక్షిణపు గోడ ఉత్తరపు గోడలా లేదు. ఒక్క రాయీ అలా లేదు. ఉత్తరాన గూళ్ళు నున్నగా, శుభ్రంగా ఉంటాయి. దక్షిణాన ప్రతి గూడు పెదవి మీదా ఒక చిన్న చెక్కడం, అరిగిపోయినది. ఒకదాని మీద ఆకు. ఒకదాని మీద తాళంచెవి. మూడోదాని మీద పిట్ట, కాళ్ళు పైకి పెట్టి ఉంది.

"సర్, ఇక్కడ చచ్చిపోయిన పిట్టని చెక్కారు," అని కేక వేశాను. దొంగచాటుగా వచ్చిన సంగతి మరిచిపోయాను.

"చచ్చిపోయిందని చూశావా, అనుకున్నావా?" అన్నారు, ఇటు తిరగకుండానే.

దగ్గరికి వెళ్ళి చూశాను. పిట్ట కన్ను తెరిచే ఉంది. మొదటి గూడు మీద ఆకు తొడిమ కిందుండాల్సింది పైకుంది. గూడు లోపలికి చెయ్యి పెట్టాను. పైభాగం చదునుగా ఉంది. అడుగు మాత్రం బయటికి వాలుగా ఉంది. వేలితో అడుగున రుద్దితే, రాతిలోకి ఇంకిపోయిన నలుపు కొద్దిగా అంటుకుంది.

"సర్, అడుగున మసి ఉంది."

అప్పుడు స్టూలు జరిగిన చప్పుడైంది. మెడ పట్టేసిన మాస్టారు గబగబా వచ్చారు. తనూ వేలు పెట్టి చూసుకున్నారు.

"మసి ఎటు పోతుందమ్మాయ్?"

"పైకి సర్."

"మరి ఇక్కడ?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ గూళ్ళన్నీ తలకిందులుగా పెట్టారు. వాటి చదును భాగం దీపం పెట్టుకునే అడుగు, వాలు భాగం పొగ బయటికి పోయే పైభాగం. ఓడలో వచ్చిన రాళ్ళని తిరిగి పేర్చిన ఇక్కడి తాపీ పనివాళ్ళు కప్పులేని గోడ చూశారు, వాన పడితే గూళ్ళలో నీళ్ళు నిలుస్తాయనుకున్నారు. బుద్ధిమంతులు. వాలుని కిందికి తిప్పి, నీళ్ళు జారేలా పెట్టారు. ఉత్తరపు గోడ రాళ్ళున్న పెట్టెలు దారిలో పోయాయో ఏమో, అక్కడ ఇల్లినాయ్ రాయినే దీన్ని చూసి చెక్కి వేశారు. అందుకే అక్కడ మసి లేదు, పిట్టల్లేవు. అసలు కట్టడం మొత్తం నేను చూడని గోడలోనే ఉంది.

మాస్టారు ఒక్కో గూడు దగ్గరా ఆగి వేలు పెట్టి చూశారు. ఒక్కో మంచానికి ఒక దీపం, ఒక గుర్తు. చదువురాని రోగికి, నీది పిట్ట మంచం, నీది ఆకు మంచం అని చెప్పడానికి. ఆయన చివరి గూడు దాకా వెళ్ళి, ముక్కు చీదుకుని, "ఇప్పుడు చూశాం" అన్నారు.

థీసిస్ ఆ గోడ మీదే రాశాను. మాస్టారు సంతకం పెట్టారు. పాత షీట్ ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఆసుపత్రి అని పార్కు ఆఫీస్‌కి ఆయన ఎన్ని ఉత్తరాలు రాశారో లెక్కలేదు. గూళ్ళు తిరగేయడం కుదరదన్నారు, బోర్డు మార్చడం కుదరదన్నారు. చివరికి ఆ బోర్డు మీద 'చాపెల్' పక్కన 'బహుశా' అని ఒక చిన్న రేకు అతికించారు. మాస్టారు ఆ రేకుని ఫొటో తీసి నాకు పంపించి, ఫోన్ చేసి మరీ సంతోషపడ్డారు. జీవితాంతం అనుమానించిన మనిషికి ఒక బోర్డు చేత కూడా అనుమానింపజేయడం చిన్న సంగతి కాదు.

నేను మాత్రం మారలేదు. మోరిస్‌విల్‌లో ఉద్యోగానికి ఆయనే రిఫరెన్స్ ఇచ్చారు. ఏం రాశారోనని ఆఫర్ వచ్చేదాకా వణికాను. పాత కట్టడాలకి రిపేరు రిపోర్టులు రాసే కంపెనీ మాది. చూడని గోడ మీద ఇంతవరకూ సంతకం పెట్టలేదు. కానీ ప్రతి రిపోర్టు కింద సంతకం పెట్టేటప్పుడూ, షామ్‌బర్గ్‌లో ఎక్కడో ఒక చుట్ట ఉంది, అందులో నా అబద్ధం ఉంది అని గుర్తొచ్చేది. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "చలి ఎలా ఉందమ్మాయ్ అక్కడ?" నార్త్ కరోలినాలో చలేముంటుంది సర్ అనేదాన్ని. దెప్పుతున్నారేమో అనిపించేది. ఈసారి ఒప్పేసుకుందాం అనుకుంటూ ఉండగానే ఆయన ఫోన్ ఆంటీకిచ్చేసేవారు.

సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. చర్చ్‌లో రెండో వరసలో ఆంటీ పక్కన చోటు వదిలేశారు. తల ఎత్తి చూశాను, స్పీకరుకి నాలుగో బోల్టు వేశారు. మర్నాడు ఆంటీ, "ఆ రాళ్ళ దగ్గరికి ఒకసారి తీసుకెళ్తావా" అంది. రెంటల్ కారులో బయల్దేరాం. ఆవిడ ఒళ్ళో పొడవాటి అట్ట గొట్టం ఉంది. నాకు దాన్ని చూస్తే భయమేసి, రెండు గంటలూ రోడ్డు మీదే కళ్ళు పెట్టి నడిపాను.

వేదిక మెట్ల మీద కూర్చున్నాక ఆంటీ గొట్టం నా చేతికిచ్చింది. "నీకివ్వమని ఆయనేమీ చెప్పలేదమ్మా. బేస్‌మెంట్‌లో దీని మీద నీ పేరుంది."

రబ్బరు బ్యాండ్ ఎండిపోయి, ముట్టుకోగానే తెగింది. నా షీట్. అన్యోన్యమైన రెండు గోడలు. ఉత్తరపు గోడలో ప్రతి రాయి మీదా ఆయన పెన్సిల్ టిక్కు. దక్షిణపు గోడ మీద ఒక్క టిక్కూ లేదు, ఒక్క ప్రశ్నార్థకమూ లేదు. గోడ కింద, సన్నటి అక్షరాల్లో, ఒక లైను.

"ఇటు చూడలేదు. ఆ వారం చలి ఎక్కువ. వెళ్తుంది."

ఎన్నిసార్లు చదివానో. ఆంటీకి చెప్పేశాను, అప్పుడే, అక్కడే. "ఆంటీ, నేను ఈ గోడ చూడకుండా గీశాను. సర్ అడిగితే చూశానన్నాను. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు."

"ఆయనకి తెలియదా ఏంటమ్మా," అంది ఆంటీ. చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే కొంచెం నవ్వింది. "వరసగా మూడు శనివారాలు ఇక్కడికొచ్చారు. ఆ పిల్ల వస్తుంది, ఒక్కతే భయపడుతుంది అంటూ. చక్కెర ఎక్కువ వెయ్యి అని చెప్పి రెండు గ్లాసులు సర్దించుకునేవారు. మొదటి రెండు వారాలూ ఒక గ్లాసు కడగాల్సిన పనే లేకపోయింది. మూడో వారం రెండూ కడిగాను."

దేన్నీ నమ్మని మనిషి. మూడు బోల్టుల్ని నమ్మలేదు, బోర్డుని నమ్మలేదు, కంప్యూటర్ని నమ్మలేదు. మొహం మీద అబద్ధం చెప్పిన పిల్లని నమ్మి, చలిలో రాళ్ళ మధ్య పడుకున్నారు. నేను ఇన్నేళ్ళూ ఆయన్ని అనుమానించాను. బాధ తట్టుకోలేక ఆ మెట్ల మీదే ఏడ్చాను. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

కాసేపటికి ఆవిడ లేచి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కొవ్వొత్తి తీసింది. నిప్పు వెలిగించరాదని గుమ్మం దగ్గర రాసి ఉందని చెప్పాను. బ్యాటరీ కొవ్వొత్తులు అమ్ముతారు కదా ఆంటీ అన్నాను.

"ఆయన నమ్మరు," అంది.

పిట్ట గూడు దగ్గరికి వెళ్ళాం. వాలుగా ఉన్న అడుగు మీద కొవ్వొత్తి నిలవలేదు. కింద ఒక పలక రాయి ఆనించి నిలబెట్టాను. ఆంటీ వెలిగించి, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. పార్కు గార్డు బండి ఆపి, గుమ్మంలోంచి మమ్మల్ని అనుమానంగా చూశాడు. అదే మనిషి, జుట్టు నెరిసింది. ఆంటీని గుర్తుపట్టాడో, మాతో ఎవరు లేరో గమనించాడో, టోపీ తీసి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మంట గాలికి కదలకుండా నిటారుగా వెలిగింది. గూడు అడుగున ఎవరి మంచం పక్కనో ఎప్పుడో పట్టిన పాత మసి. పైన, ఒకప్పుడు దీపం నిలిచిన, మసి ఎరగని చదును రాయి మీద, చిన్న మచ్చ ఒకటి మొదలైంది. వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, నల్లగా అంటుకుంది.